తుపానుకు తేదీ ఉంటుంది



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం పిల్లల చదువుల గురించి, సంబంధాల గురించి, అప్పుల గురించి ఉంటాయి. ఈసారి ఉత్తరం నా సొంత మనిషి దగ్గర నుంచి వచ్చింది. మా పిన్ని కూతురిని కాకినాడ అవతల, ఉప్పాడ దాటి వెళ్ళే తీరంలో ఒక మత్స్యకార కుటుంబానికి ఇచ్చారు. ఊరి పేరు వ్రాయను. ఆ ఊళ్ళో చాలామందికి ఇదే కథ గనుక పేరు అవసరం లేదు కూడా. చెల్లెలు వ్రాసింది నాలుగే మాటలు: "అక్కా, సముద్రం మా వీధిలో మూడో ఇంటికి వచ్చింది. మాది అయిదోది. మావయ్యగారు కదలనంటున్నారు. నువ్వొకసారి వచ్చి చెప్పు."

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన తరువాత కొన్ని వారాలకు నేను వెళ్ళాను. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం పక్కనే వెళ్ళే రోడ్డు మీలో కొందరు చూచే ఉంటారు. చిన్నప్పుడు ఆ దారిన వెళ్తే ఒక వైపు సరుగుడు చెట్లు, వాటి అవతల ఇసుక, ఆ అవతల ఎక్కడో నీళ్ళు. ఇప్పుడు బస్సు కిటికీలో నుంచి చెయ్యి చాపితే తుంపర తగులుతుంది. రోడ్డు అంచున పెద్ద పెద్ద నల్లరాళ్ళు గుట్టలుగా పోసి ఉన్నాయి. కొన్నిచోట్ల తారు సగం లేదు. తుపాను వచ్చిన ప్రతిసారీ ఆ రోడ్డు కోసుకుపోవడం, పోలీసులు రాకపోకలు ఆపడం, లారీలతో రాళ్ళు తెచ్చి పోయడం, మరల తారు వేయడం ఆ దారిలో తిరిగేవాళ్ళకు అలవాటైన సంగతే.

ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలి అత్తగారు అరుగు మీద కూర్చొని ఎండుచేపలు ఏరుతున్నారు. కాఫీ ఇవ్వకముందే నన్ను వీధి చివరకు తీసుకువెళ్ళి వేలు చూపించారు. "అదుగో అమ్మాయ్, ఆ కెరటం విరుగుతోంది చూశావా, అక్కడ మా పుట్టింటోళ్ళ ఇల్లు. దానికి ఇవతల నుయ్యి. నుయ్యి పక్కన వలలు ఆరేసుకునే చోటు. నా పెళ్ళి పందిరి అక్కడే వేశారు." ఆమె చూపించిన చోట నీళ్ళు తప్ప మరేమీ లేవు. మూడో ఇంటి వెనుక గోడ పడిపోయి ఉంది. వంటగది నేల పలక బోర్లా తిరిగి ఇసుకలో కూరుకుపోయింది. గోడకు ఇంకా మేకు ఉంది, మేకుకు క్యాలెండరు ఉంది.

ముందు ఒక మాట న్యాయంగా చెప్పాలి. తుపాను వచ్చినప్పుడు మన ప్రభుత్వాలు చేసే పని నలభై ఏళ్ళ కిందటి పనితో పోల్చలేము. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు సుమారు పదివేలమంది పోయారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు, అందులో వేటకు వెళ్ళి తిరిగి రాని వాళ్ళు ఎందరో. ఆనాడు రేడియోలో చెప్పిన మాట పడవలో ఉన్నవానికి చేరే దారే లేదు. ఇప్పుడు నాలుగైదు రోజుల ముందే వాతావరణ శాఖ చెప్తోంది. పడవలు వెనక్కు పిలుస్తున్నారు. గర్భిణీలను ముందుగానే ఆసుపత్రులకు చేరుస్తున్నారు. మొంథా సమయంలో చెల్లెలి కుటుంబం రెండు రాత్రులు బడిలో పెట్టిన శిబిరంలో ఉంది. వేడి అన్నం పెట్టారు, పిల్లలకు పాలు ఇచ్చారు. శిబిరానికి వచ్చిన కుటుంబాలకు మూడువేల రూపాయల దాకా సహాయం, మత్స్యకారులకు, నేతపనివారికి యాభై కిలోల బియ్యం ప్రభుత్వం ప్రకటించింది. "ఆయ్, ఆ రెండు రోజులు మమ్మల్ని బాగానే చూశారండి," అన్నారు మావయ్యగారు. ఆయన ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది.

మూడో ఇల్లు మొంథాలో పడలేదు. తుపాను వెళ్ళిన పదమూడు రోజులకు, ఆకాశంలో మబ్బు కూడా లేని ఒక మధ్యాహ్నం, పోటు మీద పడింది. నాలుగో ఇంటివాళ్ళు, చెల్లెలివాళ్ళు, ఇంకొక రెండు కుటుంబాలవాళ్ళు కలిసి అర్జీ వ్రాయించుకొని ఒక కార్యాలయానికి వెళ్ళారు. నేనూ తోడు వెళ్ళాను. అక్కడ కూర్చున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. కాగితం చదివి, "ఏ తేదీన పడిందండి?" అని అడిగాడు. చెప్పారు. అతను రిజిస్టరు తిప్పి, "ఆ తేదీకి తుపాను లేదు కదమ్మా. నష్టం లెక్కలు తీసే పని కూడా అప్పటికే అయిపోయింది. దీన్ని ఏ పద్దులో వేయమంటారు?" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు. అతని ముందున్న కాగితంలో గడి లేదు.

ఇంటికి వచ్చాక ఆ గడి సంగతి ఏమిటో నేను తెలిసినవాళ్ళను అడిగి, చదివి తెలుసుకున్నాను. మీరు కూడా తెలుసుకోవాలి గనుక కాస్త ఓపికతో చదవండి.

మన దేశంలో విపత్తు సహాయమంతా 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం కింద నడుస్తుంది. ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు సహాయ నిధి ఉంటుంది. ఏ విపత్తులకు ఆ డబ్బు వాడవచ్చునో కేంద్రం ఒక పట్టిక వేసింది. తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు, మంచుచరియలు, మేఘవిస్ఫోటం, పంటకు పురుగు, చలిగాలులు. మొత్తం పన్నెండు. సముద్రం తీరాన్ని కోసుకుపోవడం అందులో లేదు. తుపానులో ఇల్లు పూర్తిగా పోతే, 2022-26 కాలానికి వేసిన లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, గుడిసె అయితే 8,000 రూపాయలు. అదే ఇల్లు మామూలు పోటులో, రోజుకు జానెడు చొప్పున నెలలపాటు కోసుకుపోయి పడితే అది ఆ పట్టిక ప్రకారం విపత్తు కాదు.

తుపానుకు పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, దాటిన గంట ఉంటుంది. కోతకు అవేవీ ఉండవు. మన సర్కారు వ్యవస్థ తేదీ ఉన్నదానికి పరుగెత్తుకు వస్తుంది, తేదీ లేనిదాని ముందు కలం పట్టుకొని ఆగిపోతుంది. క్షయ వ్యాధితో పోయినవానికి ప్రమాద బీమా రానట్టు.

ఒక సందు మాత్రం ఉంది. ఆ నిధిలో పదో వంతు వరకు రాష్ట్రం తన ప్రాంతంలోని ప్రత్యేక విపత్తులకు ఖర్చు పెట్టుకోవచ్చు. ఏవి ప్రత్యేక విపత్తులో రాష్ట్రమే ప్రకటించుకోవాలి. కేరళ రాష్ట్రం సముద్రపు కోతను అలాగే ప్రకటించుకున్నది. పదిహేనో ఆర్థిక సంఘం కూడా 2021-26 కాలానికి కోత కోసమే దేశమంతటికీ 2,500 కోట్ల రూపాయలు చూపించింది. అందులో 1,500 కోట్లు కోతను ఆపే పనులకు, 1,000 కోట్లు నిర్వాసితులను వేరేచోట స్థిరపరచడానికి. నదుల కోత, సముద్రపు కోత రెండూ కలిపి. అంత పెద్ద దేశానికి అది ఎంత, అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కాని "కోతకు పద్దే లేదు" అని ఎవరైనా అంటే, పద్దు ఉన్నదని మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు, ఎందుకు కోస్తోంది? ఆ ఊళ్ళో పదిమందిని అడిగితే పది జవాబులు వస్తాయి. చదువుకున్నవాళ్ళను అడిగినా ఒక్కటే కారణం చెప్పరు.

తీరం ఒక ఖాతా వంటిది. ఇసుక వస్తూ ఉంటుంది, పోతూ ఉంటుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఆ ఇసుకకు పెద్ద పుట్టిల్లు గోదావరి. నది మీద, ఉపనదుల మీద ఆనకట్టలు కట్టుకుంటూ వచ్చాము. అన్నం పెట్టినవి అవే, కాదనలేము. కాని నీళ్ళతోపాటు ఒండ్రు కూడా అక్కడే ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన లెక్కలో గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970-79 నాటి 15 కోట్ల టన్నుల నుంచి 2000-06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. అంటే రూపాయి జీతం ఆరణాలు అయినట్టు. ఖర్చు మాత్రం తగ్గలేదు.

దానికి తోడు ఉప్పాడకు దాని స్థలమే శత్రువైంది. గోదావరి ఇసుకతోనే పెరిగిన హోప్ ఐలాండ్ అనే పొడవాటి దిబ్బ కాకినాడకు అడ్డుగోడలా నిలబడి ఉంది. దాని చాటున కాకినాడ రేవు, ఊరు క్షేమంగా ఉన్నాయి. ఆ దిబ్బ కొస దాటి వంగి వచ్చే కెరటాలు ఉప్పాడ వైపు గుమిగూడతాయి. పైనుంచి రావలసిన ఇసుక దిబ్బ దగ్గరే ఆగుతుంది. రేవు పనుల ప్రభావం కూడా ఉందని ఊరివాళ్ళు గట్టిగా చెప్తారు, నిపుణులలో కొందరు ఒప్పుకుంటారు. కాకినాడను కాపాడిన చేయే ఉప్పాడను నెట్టింది అనుకోండి. ఆ దిబ్బను ఎవరూ పెట్టలేదు, ఎవరి మీదా కేసు వేయలేము.

ఇది ఒక్క ఉప్పాడ కష్టం కూడా కాదు. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు చూచి జాతీయ తీర పరిశోధన కేంద్రం వేసిన లెక్కలో మన రాష్ట్ర తీరంలో 28.7 శాతం కోతకు గురవుతోంది, 21.7 శాతం పెరుగుతోంది, మిగిలినది కదలకుండా ఉంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2010 ప్రాంతంలో ఉప్పాడ దగ్గర సుమారు 12 కోట్ల రూపాయలతో జియోట్యూబులు వేశారు. అవి ఏమిటంటే, గట్టి ప్లాస్టిక్ నూలుతో నేసిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాలు. పంపులతో ఇసుకను నీళ్ళలో కలిపి వాటిలోకి కొడతారు. నీళ్ళు గుడ్డలో నుంచి కారిపోతాయి, ఇసుక లోపల గట్టిపడుతుంది. ఒడ్డు పొడుగునా కొండచిలువలు పడుకొన్నట్టు ఉండేవని చెల్లెలి భర్త చెప్పాడు. మొదటి రెండు మూడేళ్ళు బాగానే కాశాయి. తరువాత తుపాను మీద తుపాను వచ్చింది. గుడ్డ చిరిగితే లోపలి ఇసుక ఒక్క రాత్రిలో పోతుంది. చిరగకపోయినా గొట్టం కింది ఇసుకను కెరటం తవ్వేస్తే అది దొర్లిపోతుంది. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ నల్లగుడ్డ పీలికలు రాళ్ళ మధ్య కనిపిస్తాయి. ఆడపిల్లలు వాటిని తెచ్చి కోళ్ళ గూటికి కప్పుకున్నారు.

అవి వేసి వదిలేయడమే తప్పు అని నా అభిప్రాయం. మన ఇంటి మట్టిగోడకు కూడా ఏడాదికొకసారి అలుకుడు ఉంటుంది. సముద్రంలో పెట్టిన దానికి ఏటా చూచేవాడు, అతుకు వేసేవాడు, అందుకు డబ్బు ఉండాలి. కట్టడానికి కోట్లు వస్తాయి, శంకుస్థాపనకు పలక వస్తుంది. అతుకు వేయడానికి ఎవరూ రారు.

రాళ్ళ సంగతి వేరు. రాళ్ళు పోస్తే వెంటనే కనబడుతుంది. తుపాను మరునాడే లారీలు వస్తాయి. కాని గమనించండి, రాళ్ళు రోడ్డును కాస్తాయి. రోడ్డుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇళ్ళు రాళ్ళకు ఆవలి వైపు పడతాయి. కెరటం రాయికి కొట్టుకొని వెనక్కు వెళ్తూ ముందున్న ఇసుకను ఇంకా ఎక్కువ లాగుతుంది. గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ దాని కొస పక్కన కోత పెరుగుతుంది. ఇది ఇంజనీర్లందరికీ తెలిసిన సంగతే. అందుకే ఒక ఊరికి గోడ అంటే దాని ఉత్తరాన ఉన్న ఊరివాళ్ళ గుండె దడదడలాడుతుంది. ఉప్పాడ దగ్గర వేసిన ప్రతి రాయి గురించీ సుబ్బంపేట, మాయాపట్నం, కోనపాపపేట వైపు మాట్లాడుకుంటారు. పైగా గోడ కడితే పడవ ఎక్కడ లాగుకోవాలి? ఇసుక లేని ఒడ్డు మత్స్యకారునికి తలుపులేని ఇల్లు.

2025లో ఉప్పాడ తీరానికి సుమారు 323 కోట్ల రూపాయల అంచనాతో రక్షణ గోడ కట్టిస్తామన్న మాట వచ్చింది. చెల్లెలివాళ్ళ వీధిలో ఆ సంఖ్య చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. నాకు సంతోషమే. కాని ఆ ఊరివాళ్ళు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, పడవకు దారి ఎన్నిచోట్ల వదులుతారు, పదేళ్ళ తరువాత దాన్ని ఎవరు చూస్తారు?

ఇక లేచి వెళ్ళిపోవడం. దూరంగా కూర్చున్న మనకు ఇదే తేలికైన జవాబు అనిపిస్తుంది. నేను కూడా ఆ సలహా మూటగట్టుకొనే బయలుదేరాను.

మావయ్యగారిని మెల్లగా అడిగాను. ఆయన వల అతుకు వేస్తూ తల ఎత్తకుండానే చెప్పారు. "అమ్మా, అయిదు కిలోమీటర్ల అవతల స్థలం ఇస్తామన్నారండి. తెల్లవారుజామున మూడింటికి గాలి ఎటు తిరిగిందో ఇక్కడ గుమ్మంలో నిలబడితే తెలుస్తాది. అక్కడ నిలబడితే ఏం తెలుస్తాది? ఇంజను ఎవరు మోస్తారు? పడవను రాత్రిపూట ఎవరు కాస్తారు?" పక్కనే చెల్లెలు పొయ్యి దగ్గర నుంచి అంది: "పిల్లలను రాత్రిపూట ఎవరు కాస్తారో అది కూడా చెప్పమను అక్కా." ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ మరల ఆ మాట ఎత్తలేదు. ఇద్దరి మాటా నిజమే. నేను తీర్పు చెప్పడానికి వెళ్ళి నోరు మూసుకొని కూర్చున్నాను.

వేరే రాష్ట్రాలలో ఏం చేశారో చూస్తే మనకు కొంత తెలుస్తుంది. ఒడిశాలో కేంద్రపడా జిల్లా సాతభాయాలో 571 కుటుంబాలను సముద్రానికి దూరంగా బగపాటియా అనే చోట ప్రభుత్వం స్థిరపరచింది. ఒక్కొక్క కుటుంబానికి పది సెంట్ల స్థలం ఇచ్చారు. 2018లో ఊరి దేవతల విగ్రహాలను కూడా కొత్త చోటికి మోసుకువెళ్ళారు. ఊరంతా కలిసి కదిలితేనే అది ఊరు అవుతుందని ఎవరో గ్రహించారన్నమాట. అదే ఒడిశాలో గంజాం తీరాన పొదంపేట అని ఒక ఊరు. అక్కడివాళ్ళు తెలుగు మాట్లాడే మత్స్యకారులే, మనవాళ్ళే. సముద్రం వీధి వెనుక వీధి తీసుకుపోయింది. 2013లో ఫైలిన్ తుపాను తరువాత వారికి వేరేచోట కాలనీ కట్టారు.

కేరళలో పునర్గేహం అనే పథకం ఉంది. పోటు గీతకు యాభై మీటర్ల లోపల ఉన్న కుటుంబానికి స్థలం కొనుక్కొని ఇల్లు కట్టుకోవడానికి పది లక్షల రూపాయలు ఇస్తామన్నారు. పాత స్థలం ప్రభుత్వానికి అప్పగించాలి. ఒడ్డుకు దగ్గరలో స్థలం ధరలు చూచి చాలామంది వెనుకాడారు. అయినా అక్కడ ఒక మంచి సంగతి ఉంది: ఇల్లు పడేదాకా ఆగనక్కరలేదు. ఎంత దూరంలో ఉన్నావన్నదే లెక్క, ఎప్పుడు పడిందన్నది కాదు. మన దగ్గర కూడా అడగవలసింది అదేనని నాకు తోస్తుంది. అడగవలసినవాళ్ళు ఒడ్డున ఉన్న నాలుగు కుటుంబాలే కానక్కరలేదు.

ఇక్కడ ఒక చిన్న మాట, సంఘ సేవకులు నన్ను మన్నించాలి. ఇసుక మీద ఇల్లు కట్టినవాని ఉపమానం మనందరికీ తెలుసు. కొన్నేళ్ళ కిందట పైనుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆ ఊరి మందిరంలోనే ఆ భాగం తీసి, తీరంలో ఇళ్ళు కట్టుకోవడం గురించి హెచ్చరించాడట. కూటం అయ్యాక మావయ్యగారు వెళ్ళి నమస్కారం పెట్టి, "అయ్యగారూ, మేము ఇసుక మీద కట్టలేదండి. మేము కట్టినప్పుడు ఇది కొబ్బరితోటండి. ఇసుక అరమైలు అవతల ఉండేది. ఇసుకే మా కిందకు వచ్చింది" అన్నారట. ఉపమానం బుద్ధిహీనుని గురించి. వీళ్ళు తాతల కాలంలో గట్టినేల చూచుకొనే కట్టుకున్నారు. కష్టంలో ఉన్నవానికి వాక్యం చెప్పేటప్పుడు ముందు అతని ఇంటి చుట్టూ ఒకసారి నడిచి రావడం మంచిది.

తీరంలో ఉన్న మన కుటుంబములకు కొన్ని పనికివచ్చే మాటలు చెప్పాలి. ఇవి నేను ఆ నాలుగు రోజుల్లో తిరిగి తెలుసుకొన్నవి.

అన్నిటికన్నా పెద్ద అడ్డు పట్టా. తీరంలో చాలా ఇళ్ళు సముద్ర పోరంబోకు మీద ఉంటాయి. పట్టా లేకపోయినా మీరు అక్కడ ఎన్నాళ్ళుగా ఉన్నారో చూపించే కాగితాలు ఉంటే వదలకండి: ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్టు. అన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, తుపాను హెచ్చరిక వినగానే బియ్యం కన్నా ముందు దాన్ని చేతిలోకి తీసుకోండి. సెల్‌ఫోను ఉన్న పిల్లలతో ప్రతి కాగితానికీ ఫోటో తీయించి బయట ఊళ్ళో ఉన్న బంధువుకు పంపి ఉంచండి. తుపాను తరువాత లెక్కలు తీయడానికి వచ్చినవాళ్ళు మీ పేరు వ్రాసుకున్నారో లేదో అడిగి చూచుకోండి. జాబితా సచివాలయంలో పెడతారు, వెళ్ళి చదవండి, చదువురాకపోతే చదివించుకోండి. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఉంటే ఆ సంగతి అప్పుడే చెప్పాలి, తరువాత చెప్తే వినరు. విధవరాలైన అత్తగారు, వేరుగా ఉన్న కోడలు జాబితాలో నుంచి జారిపోయేది ఇక్కడే. సోమవారాలలో కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇస్తే రసీదు నెంబరు అడగండి. ప్రమాద సమయంలో జిల్లా కంట్రోలు రూముకు 1077 నెంబరు.

మగ్గాలవాళ్ళకు ఒక మాట. ఉప్పాడ జాందానీ చీర నేసే ఇళ్ళల్లో మగ్గం గుంటలోకి ఉప్పునీళ్ళు దిగితే ఆ నష్టం ఇంటి గోడ నష్టం కన్నా తక్కువ కాదు. గోడ పగలకపోయినా పని పోతుంది. లెక్కలు తీసేవాళ్ళు తలుపులోనే నిలబడి గోడలు చూచి వెళ్ళిపోతారు. లోపలికి పిలిచి గుంట చూపించండి.

సంఘములకు కూడా ఒకటి. మందిరాన్ని రెండు రాత్రుల శిబిరంగా ఇవ్వడం మనకు అలవాటే, మంచిదే. కాని తుపాను లేని నెలలో ఇల్లు పడినవాళ్ళకు బడి తెరవరు, భోజనం పొట్లం రాదు. అప్పుడు ఆ మందిరం తలుపు ఎన్ని నెలలు తెరిచి ఉంచగలమో పెద్దలు ముందుగానే కూర్చొని మాట్లాడుకుంటే బాగుంటుంది. మూడో ఇంటివాళ్ళు ఇప్పుడు వాళ్ళ మేనమామ ఇంటి వరండాలో ఉన్నారు. నలుగురు పిల్లలు. ఆదివారం గుడికి వస్తున్నారు, వెనుక వరుసలో కూర్చొని వెళ్ళిపోతున్నారు.

బయలుదేరే రోజు ఉదయం నాకు ఒక సంగతి తెలిసింది. మావయ్యగారు ప్రతి అమావాస్యకూ, పౌర్ణమికీ పోటు బాగా ఎక్కే వేళ గుమ్మంలో నుంచి తడి గీత దాకా అడుగులు కొలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా కొలుస్తున్నారట. లెక్క ఎక్కడా వ్రాయలేదు, ఆయన తలలో ఉంది. "నాలుగేళ్ళ కిందట వినాయకచవితి వెళ్ళిన పౌర్ణమికి నూటపదహారు. కిందటి ఉగాది ముందు అమావాస్యకు అరవైమూడు," అని ఆయన చెప్తుంటే నా చెల్లెలి పెద్దకూతురు, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల, తలుపు పక్కన నిలబడి వింటోంది. కార్యాలయంలో ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న నాకు గుర్తుకు వచ్చింది. తేదీ కావాలన్నాడు కదా.

లోపలికి వెళ్ళి దాని బడి సంచిలో నుంచి సగం వ్రాసిన లెక్కల నోటుబుక్కు ఒకటి తెచ్చింది. నేను చెప్పకముందే గీతలు గీసింది: తేదీ, తిథి, అడుగులు, ఎవరు కొలిచారు. తాతయ్య చెప్తూ ఉంటే జ్ఞాపకం ఉన్నంతవరకు వెనుకటివన్నీ ఎక్కించింది. జ్ఞాపకం లేనిచోట గడి ఖాళీగా వదిలేసింది. పక్కింటివాళ్ళను పిలిచి వాళ్ళ గుమ్మం లెక్క కూడా వేయించింది. అర్జీతోపాటు దాని జిరాక్సు పెట్టి సోమవారం ఇచ్చారు, రసీదు నెంబరు తీసుకున్నారు. ఈ ఉత్తరం వ్రాసే వేళకు జవాబు రాలేదు.

ఆ తరువాత వచ్చిన అమావాస్యకు చెల్లెలు ఫోను చేసింది. ముప్పైఎనిమిది. ఈసారి పిల్ల కొలిచిందట. తాతయ్య అడుగు పెద్దది, తన అడుగు చిన్నది గనుక రెండూ వేరువేరు గడులలో వ్రాసిందట.